దానమ్మ కేక

ఎనిమిది పేర్లు కుదిరాయి. గురువారం తూర్పుగాలి, నడుమెత్తు అలలు, పదిన్నరకు పోటు. గవ్వలపేట తీరానికి ఆ రోజు మనుషుల చప్పుడుకు మిగిలిన శబ్ద వాటా పదకొండు ప్రమాణాలు. తొమ్మిదో చోటు కోసం కేటాయింపుల గుమాస్తా నూకరత్నం తరవాతి దరఖాస్తు తెరిచింది.

సూరాడ దానమ్మ, అరవై మూడేళ్ళు. పుట్టిన ఊరు గవ్వలపేట.

యాభై ఏళ్ళ కిందట ఆ ఊరిని ఖాళీ చేయించి, తీరాన్ని నిశ్శబ్ద మండలం చేశారు. ఎత్తు నగరాల హోరులో బతికేవాళ్ళు రోజుకు తొమ్మిదిమంది వచ్చి, పలకల మీద అలస్వారీ చేసి, చెవులు కడుక్కుని వెళ్తారు. ఆ ఊరివాళ్ళలో మాత్రం ఇంతవరకు ఒక్కరికీ చోటు దొరకలేదు. ఎవరూ పనిగట్టుకుని ఆపలేదు. వాళ్ళ శబ్ద అంచనా ఎక్కువ, అంతే.

తెర మీద దానమ్మ ముఖం వెలిగింది. ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో ముప్పై ఏళ్ళు చేసి మొన్ననే రిటైరయిందట.

"అలస్వారీ ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"నేర్సుకోడమేటమ్మా? ఇరిగిపోయిన తెప్ప సెక్క మీద బోర్లా పడుకుని కెరటమెక్కీవోళ్ళం." దానమ్మ పకపకా నవ్వింది.

"నీళ్ళలో గొంతెత్తుతారా?" ఇది తప్పక అడగాల్సిన ప్రశ్న.

"కెరటం మనల్ని లేపితే కేకెయ్యకుండా ఎలాగుంటాం?"

కేటాయింపులు చూసే యంత్రం 'సమతుల' వెంటనే లెక్క తేల్చింది. అంచనా పంతొమ్మిది. తిరస్కరణ.

మామూలుగా నూకరత్నం అక్కడితో ముగించేది. కానీ ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది. రోజు మార్చి చూసింది. ఆషాఢంలో అయితే అలల హోరులో ఎంత కేకైనా కలిసిపోతుంది. కానీ అరవై దాటినవాళ్ళు నడుమెత్తు మించిన అలల్లోకి దిగరాదు. చిన్న అలల రోజున కేక వాటాలో పట్టదు, కేక పట్టే రోజున దానమ్మను దిగనివ్వరు. ఏడాది పొడవునా ఒక్క తేదీ మిగల్లేదు.

నూకరత్నం గొంతు తగ్గించింది. "కేక వెయ్యనని ఒక్క మాట అనండి. నేను రాసేస్తాను."

దానమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా సెల్లి పోలమ్మా, నానూ ఒకే సెక్క మీద ఎల్లీవోళ్ళం. ఊరొదిలిన ఏడే జొరమొచ్చి పోయిందది. ఆ నీళ్ళలో ఒక్కసారి దాన్ని పిలుద్దారని ఎల్తన్నాను. నోరు మూసుకుని రమ్మంటే మరెందుకమ్మా ఎల్లడం?"

నూకరత్నం నియమాలు రాసున్న తీర పత్రంలో కిందికి, ఎవరూ తెరవని పేజీకి వెళ్ళింది. స్వధ్వనులు. అల, గాలి, సముద్రపు కాకి, ఎండ్రకాయ. ఇవి ఆ చోటికి చెందిన చప్పుళ్ళు కాబట్టి వాటాలోకి రావు. ఆ వరసలో అయిదోది చేర్చింది: గవ్వలపేట మనిషి కేక.

ఆధారం ఏమిటని సమతుల అడిగింది.

'అక్కడే పుట్టింది' అని రాసి, వేలిముద్ర వేసింది.

అంచనా సున్నా అయింది. తొమ్మిదో చోటు నిండింది.

"గురువారం పొద్దున్నే రండి. గొంతు ఎంత ఎత్తినా పరవాలేదు."

దానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర ఆరిపోయేదాకా అలాగే ఉంది.

అయితే సమతుల ఆగలేదు. కొత్త నియమం పట్టుకుని గవ్వలపేటవాళ్ళ పాత తిరస్కరణలన్నీ తిరగేసింది. పదకొండు వందల పద్నాలుగు దరఖాస్తులు ఒకటొకటిగా ఆకుపచ్చగా మారసాగాయి.

పై అధికారి భానోజీ పరుగున వచ్చాడు. "రత్నం, ఏం చేశావమ్మా? నగరాలవాళ్ళు ఊరుకుంటారా? నీ వేలిముద్రే కదా, వెనక్కి తీసెయ్."

"తియ్యను సార్."

ఆయన చూస్తుండగానే వరసలో మొదటి పేరుకు ఫోన్ కలిపింది. అవతల ఒక ముసలి గొంతు పలికింది.

"తాతా, మీ ఊరి తీరానికి ఏ రోజు వస్తారు?"

ఆ ముసలాయన ఫోను పక్కన పడేసి, ఇల్లంతా అదిరేలా తనవాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.