వెళ్ళొస్తానన్న ఇంటిపెట్టె

గంజి వార్చకముందే ఇంటిపెట్టె మూగబోయింది. పొయ్యి ఆరింది, కుళాయి నిలిచింది, వీధి తలుపు బిగుసుకుపోయింది. లోపల వదిన నూకరత్నం చేతిలో గరిట, బయట మెట్ల మీద మరదలు సత్యవేణి చేతిలో చేపల సంచి. తలుపుకి అటొకరూ ఇటొకరూ నిలబడి, తప్పు నీదంటే నీదని కాసేపు దెబ్బలాడుకున్నారు. పెట్టె ఏదో చెప్పబోతుంటే వదినే దాని నోరు మూయించిందని మరదలు, అదేదో చదువుకున్న మరదలే వినుండాల్సిందని వదిన. చివరికి పక్కింటివాళ్ళు నిచ్చెన వేస్తే సత్యవేణి కిటికీలోంచి లోపలికి దిగింది. ముందు చేపల సంచి అందించి, తర్వాతే తను దిగింది.

కొత్త ఉప్పాడలో ఇంటిపెట్టె లేని ఇల్లు లేదు. పాత ఉప్పాడని సముద్రం కలిపేసుకున్నాక, కాస్త లోపలగా స్తంభాల మీద లేపిన ఊరది. నీళ్ళు తోడాలన్నా, పొయ్యి వెలగాలన్నా, పోటు వచ్చినప్పుడు మెట్లు పైకి లాక్కోవాలన్నా పెట్టే చూసుకునేది. బియ్యం డబ్బా అంత ఉంటుంది, గోడవారగా. అయితే పెట్టె ఉత్త ఇనుమే. దాన్ని నిద్రలేపి, ఏ పని ఎప్పుడు చెయ్యాలో చెప్పి, మన మాట దానికీ దాని మాట మనకీ చేరవేసేది ఇంకొకటుంది. దాన్ని నడక అంటారు. నడక లేకపోతే పెట్టె మీద పచ్చడి జాడీ పెట్టుకోవచ్చు, అంతకంటే ఎందుకూ పనికిరాదు.

వీళ్ళ పెట్టెలో ఉన్నది అద్దె నడక. ఏదో పెద్ద కంపెనీది. పాత పెట్టెలకి ఇక తమ నడక ఇవ్వబోమనీ, కావాలంటే కొత్త పెట్టె కొనుక్కోమనీ ఆ కంపెనీ ముందునుంచీ చెబుతూనే ఉందట. నూకరత్నం నోరు మూయించింది ఆ మాటనే.

లోవరాజు ఇంట్లో ఉంటే ఇవన్నీ అతనే చూసుకునేవాడు. నూకరత్నానికి తమ్ముడు, సత్యవేణికి మొగుడు. సముద్రంలో పాతిన గాలిమరల మీద అతనికి పని. వెళితే నెలల తరబడి అక్కడే. తల్లి పోయినప్పుడు వాడు పాలు మరవని పిల్లాడు, ఈవిడ పరికిణీ వదలని పిల్ల. చంకనేసుకుని పెంచింది. పెళ్ళి మాట ఎత్తితే, వీణ్ణి ఎవరికిచ్చి వెళ్ళమంటారు అనేది. అలా అంటూ అంటూనే తల నెరిసింది. సత్యవేణి కాపురానికొచ్చాక వదినా మరదళ్ళకి రోజుకొక తగువైనా లేకపోతే అన్నం సయించేది కాదు. అతను సముద్రం మీదికి వెళ్ళగానే మాత్రం ఇద్దరూ ఒకే గదిలో పక్కలేసుకునేవాళ్ళు.

గాలిమరల మీద పనిచేసేవాళ్ళ చేతికి కడియం ఒకటి వేస్తారు. అది నాడి చూస్తుంది, తిన్నాడో లేదో పడుకున్నాడో లేదో కనిపెడుతుంది, ఆ కబురు ఇంటిపెట్టెకి చేరవేస్తుంది. పెట్టె మూగబోయిందంటే ఆరిన పొయ్యి సంగతి తర్వాత. వాడు అన్నం తిన్నాడో లేదో తెలీదు. ఇద్దరి గుబులూ అదే.

ఆ మధ్యాహ్నమే పెట్టెని దుప్పట్లో చుట్టి బస్టాండు పక్కన నడకల కొట్టుకి తీసుకెళ్ళారు. కొట్టు నడిపేది సుగుణ. మెడలో కళ్ళజోడు వేలాడుతూంటుంది, పెట్టుకోగా ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళని కూర్చోమని కూడా అనదు గాని, ఎవరి పెట్టె ఏ జబ్బు పడిందో అన్నీ గుర్తే. కొత్త పెట్టె ఎందుకు, ఇందులో అందరి నడక వేసుకోండి అంది. అందరి నడక అంటే ఏ కంపెనీదీ కాదట. ఎవరైనా విప్పి చూడొచ్చు, నచ్చనిచోట మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచొచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు, ఒకరు వేసిన కుట్టు ఇంకొకరు సరిచేస్తూ కట్టిందట. నూకరత్నానికి అది నచ్చలేదు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు ఊరికే ఇచ్చేదాన్ని ఇంట్లోకి ఎలా రానిస్తామంది. అద్దె నడకవాళ్ళ ఊరూ పేరూ మీకు తెలుసా అని సుగుణ అడిగింది.

ఎక్కించకముందే నడిపి చూసుకోవచ్చంది సుగుణ. గోరంత పుల్ల ఒకటి పెట్టెకి గుచ్చింది. కొనకముందు చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటాం చూడండి, అలాగన్నమాట. నచ్చకపోతే పుల్ల తీసేస్తే సరి, పెట్టెలో ఏదీ చెరగదు.

మొదట చూపించింది ఉలి నడక. నల్లటి పలక, దాని మీద తెల్లగా ఆడుతున్న చిన్న గీత, అంతే. ఏది కావాలన్నా మనమే చెక్కుకోవాలట. సత్యవేణి దాన్ని ఎగాదిగా చూసి, అచ్చం మా వదినే, అడిగితే గాని పలకదు, అడిగితే విసుక్కుంటుంది అంది. రెండోది కుదురు నడక. శుభ్రంగా ఉంది, తొందరగా నడిచింది, ఇద్దరూ దాదాపు ఒప్పేసుకున్నారు. ఆపి చూపిస్తే, వ్యవస్థ మూసివేయబడుచున్నది అంది. కరెంటాఫీసువాళ్ళని తెచ్చి ఇంట్లో పెట్టుకోలేనంది నూకరత్నం.

మూడోది బుడిబుడి నడక. అప్పుడప్పుడే నేర్చుకునేవాళ్ళ కోసం కట్టింది. పెద్దపెద్ద బొమ్మలు, ఏది ముట్టుకున్నా ముందు అడిగి చేస్తుంది, పొరపాటు చేస్తే వెనక్కి తీసుకోనిస్తుంది. సుగుణ దాన్ని ఆపబోతే, అది నెమ్మదిగా చెప్పింది.

"వెళ్ళొస్తానండీ."

"ఆ, వెళ్ళిరా నాయనా" అనేసింది నూకరత్నం. అనేశాక సిగ్గుపడింది. మరదలు పమిట నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. దీనికి మాట నేర్పింది మన గోదావరి మనిషే అయ్యుండాలి, పోతాను అనకూడదని తెలిసిన మనిషి అంది సుగుణ.

అలా బుడిబుడి నడక ఇంటికొచ్చింది. లోవరాజు కడియంతో కూడా తేలిగ్గా కలిసింది. కడియాలు చేసేవాళ్ళూ అద్దె లేదని అదే నడక వాడుతున్నారట. సాయంత్రానికి అతని గొంతు కూడా వినబడింది. తలుపు సంగతి చెబితే, ఇద్దరిలో ఎవరు బయటుండిపోయారని అడిగాడు. మీ అక్క లోపలుంది అంటే, అయితే పర్వాలేదు, చేపలు నీ చేతిలోనే భద్రంగా ఉన్నాయన్నమాట అన్నాడు.

దీపాలు పెట్టేవేళకి ఊళ్ళో పెట్టెలన్నీ కాసేపు ఆపాలి. ఆ సమయంలో కరెంటంతా సముద్రపు గోడ పంపులకి కావాలి. వీళ్ళింట్లో చూసి వీధిలో సగంమంది బుడిబుడి నడకే వేయించుకున్నారు. ఇక ఆ వేళయ్యేసరికి ఒక కిటికీలోంచి వెళ్ళొస్తానండీ, ఎదురు కిటికీలోంచి వెళ్ళొస్తానండీ. పిల్లలు వీధిలో నిలబడి అన్నిటికీ వెళ్ళిరా వెళ్ళిరా అని జవాబు చెప్పేవాళ్ళు.

తర్వాత గాలివాన వచ్చింది.

ఊరు నిలబడింది. సముద్రంలో ఏమైందో తెలియలేదు. కబుర్లు తెచ్చే తీగ తెగింది, మనుషులంతా క్షేమం అని గాలిమరల కంపెనీ చెప్పించింది. పెట్టెనడిగితే, కబురు లేదండీ అనేది. కొన్నాళ్ళకి అడగడం మానేశారు. వదినా మరదళ్ళు ఆ రోజుల్లో దెబ్బలాడుకోవడం మానేశారు. ఇరుగుపొరుగులకి అది చూసే భయమేసింది.

ఒక సాయంత్రం, రోజూ పెట్టె ఆపే సత్యవేణి మేడ మీద బట్టలు తీస్తోంది. నూకరత్నం పెట్టె ఆపింది. చిన్న దీపం ఆరిపోయింది. మాట లేదు. తన చెవులకే ఏదో అయిందనుకుంది. ఎదురింటి పెట్టె చెప్పడం మాత్రం స్పష్టంగా వినబడింది, ఆ పక్కింటిదీ. తెల్లారాక మళ్ళీ అడిగింది, మా తమ్ముడెలా ఉన్నాడని. కబురు లేదండీ అనలేదు.

"మీవాళ్ళెవరైనా చెబుతారండీ" అంది.

మరదలికి ఉప్పు కొనాలని చెప్పి సుగుణ కొట్టుకి వెళ్ళింది. నడక చెడిపోయినట్టుంది, ఆపితే మాట్లాడకుండా పోతోంది అంది. సుగుణ ఆ ఇంటి నడకని తన పలక మీద విప్పి చదవడం మొదలుపెట్టింది. మొదట ఈల వేస్తూ చదివింది. కాసేపటికి ఈల ఆగింది. లేచి, తన కుర్చీ తెచ్చి నూకరత్నం వెనక వేసింది.

"చెడిపోలేదు పిన్నిగారూ. మర్యాద పాటిస్తోంది."

ఆమె చెప్పిందిదీ. ఈ నడకని కట్టినవాళ్ళలో ఎవరో ఒక పుణ్యాత్ముడు, చావుకబురు యంత్రం చెప్పకూడదు, మనిషే చెప్పాలి అని రాసిపెట్టాడు. మంచిదే. ఇంకెక్కడో ఇంకొకరు, అతన్ని ఎరగనివాళ్ళు, మన వైపు మనిషే కావచ్చు, చావింట్లోంచి లేచేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు గనక, అలాంటి ఇంట్లో ఆ మాట అనకుండా వెళ్ళిపోవాలి అని రాసిపెట్టారు. అదీ మంచిదే. రెండూ ఒకే నడకలో చేరాయి. రెండూ కలిస్తే ఏమవుతుందో ఎవరూ చూడలేదు.

తీగ తెగింది కదా, దీనికెలా తెలిసిందని అడిగింది నూకరత్నం. ఆ అడగడంలో ఇంకా చిన్న ఆశ ఉంది. కంపెనీకి ఉన్నది ఒక్క తీగే, నడకకి అలా కాదంది సుగుణ. కడియం నుంచి చేపల పడవలో పెట్టెకి, ఆ పడవ నుంచి ఇంకో పడవకి, చెవిలో చెప్పుకుంటూ ఒడ్డుకి వచ్చేస్తుందట.

నూకరత్నం ఏడవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంది. మొత్తం మార్చుకోవచ్చన్నావు కదా ఈ నడకని, ఎవరైనా మార్చుకోవచ్చన్నావు కదా అంది. ఆ మర్యాద తీసేయమంది. సుగుణ వద్దంది. చెప్పాల్సింది మీరేనంది.

"చెబుతానమ్మా, నేను కాకపోతే ఎవరు చెబుతారు. ఆ పిల్లని ఈ పూటకి నాలుగు మెతుకులు తిననీ. పెట్టె నోరు మూసుకోబట్టి మాత్రం తెలియకూడదు."

ఆ మర్యాదంతా ఒక్క వరుస. సుగుణ దాన్ని చెరిపేసింది. ఇంట్లో పెట్టె కొత్త నడకని తనంతట తనే తెచ్చేసుకుంది. నూకరత్నం ఉప్పు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ వంటింట్లో ఉండగా సత్యవేణే వెళ్ళి పెట్టె ఆపింది.

"వెళ్ళొస్తానండీ" అంది పెట్టె.

గదిలోంచి ఏదో పడిన చప్పుడు. నూకరత్నం పరిగెత్తుకెళ్ళేసరికి సత్యవేణి నేల మీద చతికిలబడి ఉంది, నవ్వుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. వదిన చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుంది.

"విన్నావా వదినా? నువ్వు గుడికెళ్ళిన సాయంత్రం నుంచీ ఇది మాట్లాడకుండా పోతోంది. చావింట్లోంచి లేచిపోయినట్టు పోయేది. నాకు తెలిసిపోయింది. నీకు చెబితే నువ్వు బతకవని చెప్పలేదు. ఇవ్వాళ అంది. బతికే ఉన్నారు వదినా."

నూకరత్నానికి అర్థమైంది. తనకంటే ముందే ఈ పిల్ల ఆ కబురు మోసింది. మోస్తూనే వండింది, వడ్డించింది, మేడ మీద బట్టలు తీసింది. మోసి మోసి దించుకోబోయేవేళ తను మళ్ళీ ఎత్తింది, ఈసారి రెట్టింపు చేసి. సత్యవేణి అప్పటికే లేచి, చేపల పులుసు ఆయనకిష్టమనీ రేపు వచ్చేస్తారేమోననీ చెబుతోంది. జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది.

కుర్చీలు ఉన్నా నూకరత్నం నేల మీదే కూర్చుంది. మరదల్ని కూడా కూర్చోబెట్టుకుంది. అల్లుతున్న జడని తన చేతిలోకి తీసుకుంది.

"సత్తివేణీ. ఆ మాట అది అనలేదే. నేను అనిపించాను."

జడ సగంలో ఆగిపోయింది.

మర్నాటికి కంపెనీ పడవ వచ్చింది. వాళ్ళు చెప్పేసరికి ఆ ఇంట్లో చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

జనం వచ్చారు. కూర్చున్నారు, ఏడ్చారు, పలకరించారు. లేచేటప్పుడు ఎవరూ ఏమీ అనకుండా, వెనక్కి తిరగకుండా మెట్లు దిగిపోయారు. వీధిలో ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే పెట్టె ఆపడం మానేశారు. ఏ సాయంత్రం తమ పెట్టె మాట్లాడకుండా పోతుందోనని. సముద్రపు గోడ పంపులు కరెంటు చాలక మెల్లగా తిరిగాయి. పంచాయితీవాళ్ళు తిట్టినా ఎవరూ వినలేదు.

ఒక్క ఈ ఇంట్లోనే ఆపుతున్నారు. సత్యవేణి పెట్టె ముందు కూర్చుంటుంది. ఆపుతుంది, విని, మళ్ళీ వెలిగిస్తుంది. మళ్ళీ ఆపుతుంది. సుగుణ చూడ్డానికొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ వరుస మళ్ళీ పెట్టెయ్యనా అని నూకరత్నాన్ని కళ్ళతోనే అడిగింది. చావింట్లో అనకూడని మాట అది. అంటే ఇంకో చావుని పిలిచినట్టే. ఇంట్లో మిగిలిందా ఇద్దరే. నూకరత్నానికి ఆ సంగతి సుగుణ కంటే బాగా తెలుసు. తెలిసే తల అడ్డంగా ఊపింది.

లోపల పెట్టె మళ్ళీ వెళ్ళొస్తానండీ అంది.

"ఆ," అంది సత్యవేణి, "పొద్దు పోనివ్వకుండా వచ్చెయ్యండి."