మర్యాద చెంబు

సొట్టలు తీయడం పుణ్యకార్యమనుకున్నాడు మణిదీప్. రాజమండ్రిలో వాళ్ళది ఇత్తడి సామాన్ల కొట్టు. మెరుగు పెట్టమని హారతి అనే అమ్మాయి ఇచ్చివెళ్ళిన చెంబులన్నీ మెడలు వంగి ఉంటే, పాపం ఆటోలో దొర్లిపోయాయనుకుని, సుత్తి తీసుకుని ఒక్కోదాన్నీ నిటారుగా నిలబెట్టాడు. పైగా దీనికి కూలి తీసుకోకూడదని కూడా నిర్ణయించుకున్నాడు.

మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చిన హారతి వాటిని చూసి నిలువునా నీరుగారిపోయింది.

“అవి సొట్టలు కాదండీ మణిదీప్‌గారూ. డిజైను.”

“చెంబుకి డిజైనేంటండీ?”

“చుట్టాలొస్తే కాళ్ళకి నీళ్ళిస్తాం కదా. మనం వంగుతాం, చెంబు మాత్రం బిగుసుకుని ఉంటుంది. అదీ వంగి, దయచేయండి అనాలని చేశాను.”

మణిదీప్‌కి నవ్వొచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. మర్నాడే కాకినాడ ఎగ్జిబిషన్‌లో ఆమె స్టాలు. ఇదివరకు ఆమె చేసిన ముక్కుతో నవ్వే కెటిలూ, బాతులా నడిచే కొబ్బరి కోరుపీటా ఇంట్లోవాళ్ళకి పిచ్చిపనులు. ఈ స్టాల్లో సరుకు అమ్ముడుపోకపోతే డిజైన్లు మానేసి బ్యాంకు కోచింగులో చేరతానని నాన్న జగన్నాథరావుగారికి మాటిచ్చేసింది.

తప్పు తనదే కనక తనే మళ్ళీ వంచుతానన్నాడు మణిదీప్. ఎంత వంచాలో హారతి తల వంచి చూపించింది. అతను చెంబుని వదిలేసి ఆమెనే చూశాడు. దాంతో ఒక చెంబు మరీ వంగిపోయింది.

“ఇది మర్యాద కాదండీ, దొంగదండం,” అంది హారతి, నవ్వాపుకోలేక. బయట వాన ఆగిపోయిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

మర్నాడు సామాను మోసే నెపంతో అతనూ కాకినాడ వెళ్ళాడు. స్టాలు ముందు ఆగిన ఒక పెద్దావిడ, వంగిన చెంబుని చూసి తనకు తెలియకుండానే నమస్కారం పెట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆ నవ్వుతో మొదలైన బేరం భోజనాల వేళకి బల్ల ఖాళీ చేసేసింది. ఒక హోటలాయన గదికొకటి కావాలని ఆర్డరు కూడా ఇచ్చాడు.

కూతుర్ని ఇంటికి తీసుకుపోదామని వచ్చిన జగన్నాథరావుగారు ఆ ఖాళీ బల్ల చూసి, ఇక కోచింగు మాటెత్తనని తనంతట తనే చెప్పారు.

హారతి ఆనందం పట్టలేక వెనక్కి తిరిగి, “ఏవండీ, విన్నారా?” అనేసింది.

ఆ పిలుపు ఆ ఊళ్ళల్లో ఎవరు ఎవర్ని పిలిచేదో అందరికీ తెలుసు. హారతి నాలుక కరుచుకుంది.

“విన్నానండీ,” అన్నాడు మణిదీప్. “జీవితాంతం అలాగే పిలవండి. మీరంటే నాకు ప్రాణం.”

“పిలుస్తాను,” అంది హారతి, తండ్రి పక్కనే ఉన్నాడని తెలిసే.

జగన్నాథరావుగారు ఇద్దరి మొహాలూ చూసి, జేబులోంచి ఫోను తీశారు.

“మీ నాన్నగారి నంబరు చెప్పు బాబూ.”