రేచల్ కోసం ప్రార్థన

ఆదివారం పొద్దున్న కృపావతికి ఏ పని మీదా మనసు నిలవడం లేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. ఉప్మాలో ఉప్పు రెండోసారి వేసింది. చర్చికి వేళవుతోందని భర్త సుందరరావు గేటు దగ్గర హారన్ కొడుతుంటే, ఆవిడ కళ్ళు మాత్రం కూతురి కుడికాలి మీదే ఉన్నాయి.

రేచల్ మలికిపురంలో లెక్కల టీచరు. వేసవిలో నడుంనొప్పి మొదలైంది, తర్వాత కాలికి తిమ్మిరి పట్టుకుంది. ఈమధ్య మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటోంది. వైజాగ్‌లో స్కానింగు తీయించారు. నరం నొక్కుకుంది, చిన్న ఆపరేషనని పిల్లతో చెప్పారు. డాక్టరు పెద్దవాళ్ళని లోపలికి పిలిచి చెప్పింది వేరు. వెన్నుపాము లోపలే గడ్డ పుట్టింది. ఆస్ట్రోసైటోమా అనే కణితి కావచ్చు, వెన్నులో రావడం అరుదు. నరాలతో కలిసిపోయి ఉంటుంది గనక మొత్తం తీయలేకపోవచ్చు. ముక్క తీసి పరీక్షిస్తేగానీ ఎలాంటిదో తేలదు. కత్తి పెడితే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంది. అలా వదిలేసినా మెల్లగా అక్కడికే వస్తుంది.

"ఆపరేషనయ్యాక చెబుదాం. ఇప్పుడే చెబితే బెంగెట్టేసుకుంటుంది" అన్నాడు సుందరరావు. కృపావతి తలూపింది. ఊపిందేగానీ, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరికీ చెప్పకూడదు సరే, దేవుడికి చెప్పుకోవచ్చుగా! పాస్టరుగారి భార్యకి ఫోను చేసి, "ఎవరికీ తెలీనివ్వకండి, మీరిద్దరూ ప్రార్థన చెయ్యండమ్మా" అని ఏడ్చింది. "ఆయ్, అలాగేనండీ" అందావిడ.

ఎవరికీ తెలీనివ్వద్దన్న మాట తప్ప మిగతాదంతా పాస్టరుగారి భార్య తన భర్తకి చెప్పింది. ఆరాధనలో పాటలయ్యాక పాస్టరు జ్ఞానప్రకాశంగారు కళ్ళజోడు సవరించుకుని మైకు దగ్గరికి వచ్చారు.

"సంఘమంతా మోకరిద్దాం. మన సహోదరి రేచల్‌కి వెన్నుపాములో గడ్డ వచ్చింది. ఆపరేషన్లో ఆ బిడ్డ కాళ్ళు పడిపోకుండా ప్రభువు కాపాడాలి."

అందరూ మోకరించారు. రేచల్ ఒక్కతే కూర్చుని తల్లివైపు చూస్తోంది. కృపావతి తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి తలుపు వేయగానే రేచల్ గొంతు లేచింది. "కాళ్ళు నావి. ఊరంతటికీ తెలిసింది, నాకెందుకు చెప్పలేదు?"

"నేనే వద్దన్నానమ్మా" అన్నాడు సుందరరావు.

"ఆపరేషన్ బల్ల ఎక్కించేక చెబుదామనుకున్నారా నాన్నగారూ? వద్దో కావాలో చెప్పాల్సింది నేను కాదా?"

"భయపడతావని, తల్లీ..." అంది కృపావతి.

"ఇన్నాళ్ళూ భయపడలేదనుకున్నావా? వైజాగ్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం చూట్టం లేదు నువ్వు. పిలిస్తే పలకవు. క్రాంతి సంగతి తెలిసిపోయింది, అందుకే కోపమనుకుని కుమిలిపోయేను!"



"క్రాంతెవరే?" అంది కృపావతి.

రేచల్ నాలిక కరుచుకుంది. "మా స్కూల్లో సైన్సు సారు. క్రాంతికుమార్."

కృపావతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏడుపే గెలిచింది. కూతురి పక్కన కూలబడి, డాక్టరు చెప్పిందంతా పొల్లుపోకుండా చెప్పింది. ఎక్కడైనా ఆగితే సుందరరావు అందించాడు.

"నడవలేకపోతే?" అంది రేచల్.

"ఏమో తల్లీ. డాక్టరుగారే చెప్పలేమన్నారు."

రేచల్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుంది. "వైజాగ్ వెళదాం. ఈసారి డాక్టరుతో నేనే మాట్లాడతాను. ఆపరేషన్ మాట నేనే తేలుస్తాను."

"అలాగేనమ్మా" అన్నాడు సుందరరావు. ఆయన కళ్ళు నిండిపోయాయి.

రేచల్ ఫోను తీసింది. "ముందు క్రాంతికి చెప్పాలి."

"ఇప్పుడే వద్దే! ఆపరేషనయ్యాక మెల్లగా..." అంటూ కృపావతి ఆగిపోయింది. తన నోటి మాట తనకే తగిలింది. అదే ప్రేమ, అదే భయం, అదే తప్పు. రేచల్ ఫోను చేత్తో పట్టుకునే తల్లివైపు చూసింది.

కృపావతి కళ్ళు ఒత్తుకుంది.

"చెప్పు తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పు. బెదిరి వెళ్ళిపోతే పోనీ, నీకు నేనున్నాను. వస్తానంటే మాత్రం, భోజనానికి రమ్మను."