శౌరయ్య నిజాంకం

అంగారకుడి మీద తెలుగువాళ్ళు క్రికెట్ మానేసి బేస్‌బాల్ పట్టుకున్నారంటే నమ్మడం కష్టమే. కానీ అరుణపురం గుమ్మటంలో ఆటకు కేటాయించే గాలి మూడు గంటలకే సరిపోతుంది. ఆ లోపు తేలే ఆట అదొక్కటే. ఊళ్ళో డబ్బు చలామణీ లేదు కాబట్టి పందేలు వేన్నీళ్ళతో కాస్తారు. మనిషికి వారానికి ఇరవై నిమిషాల వేన్నీళ్ళ స్నానం. అందులోంచి పది నిమిషాలు పందెంలో పెట్టాలంటే గుండె ధైర్యం కావాలి.

రెండు జట్లూ కలిపి ఎన్ని పరుగులు చేస్తాయో పందేలశాల వాళ్ళు బోర్డు మీద ఒక అంకె వేస్తారు. అంతకన్నా ఎక్కువా, తక్కువా? పందెమంతా అంతే. అయితే బోర్డు మీది అంకె పూర్తి నిజం చెప్పదని ఊరి ప్రయోగశాలలో లెక్కలు చూసే వకుళ కనిపెట్టింది. జనం ఒక పక్కకు ఎగబడితే శాల వాళ్ళు అంకెను కదపరు, చెల్లింపు మారుస్తారు. అంకె ఎనిమిదిన్నర అనుకుందాం. ‘తక్కువ’ మీద పది నిమిషాలు కాసి గెలిస్తే పైన ఏడే వస్తాయి, ‘ఎక్కువ’ మీదైతే పన్నెండు వస్తాయి. అంటే ఊరి మనసులో ఉన్నది ఎనిమిదిన్నర కాదు, ఎనిమిదికి కాస్త కింద. ఆ చెల్లింపుల తేడాను పరుగుల్లోకి మార్చి, శాల లాభం తీసేసి, అసలు అంకె చెప్పే యంత్రం చేసి దానికి ‘నిజాంకం’ అని పేరు పెట్టింది వకుళ. ఆరేళ్ళలో అది సగటున అర పరుగుకు మించి తప్పలేదు. ఆమెకు కాస్త గర్వం ఉండేది. ఉండదా మరి!

ఒకరోజు క్రీడాసంఘం పెద్ద మస్తానమ్మ ఆమె ప్రయోగశాలకు వచ్చింది.

“శౌరయ్యకి నలభై మూడొచ్చినయ్యే. భుజం పోయింది. ఆయన బదులు కుర్రపిల్ల సుహాసిని చేత బంతేయిద్దామంటే ఊరంతా నా మీద పడుద్ది. ఆయన బంతేసే రోజున నీ మిషను తొమ్మిది దాటి చూపిస్తే ఆయన దిగిపోవాల. లోపుంటే ఉంటాడు. ఊళ్ళో చాటింపేయిస్తన్నా.”

శౌరయ్య ఇరవై రెండేళ్ళుగా ఆ ఊరి పిచ్చర్. ఆయన బంతి విసిరితే ఎదుటివాడికి పరుగులు రావడం గగనంగా ఉండేది. ఆట తప్ప ఆయనకు మరో లోకం తెలియదు. అయినా మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

“డాక్టరు మొహమాటపడతాడు, మా ఆవిడా మొహమాటపడుద్ది. నీ మిషను పడదు గదమ్మా” అన్నాడు వకుళతో.

ఆట రోజు శాల వాళ్ళు పదిన్నర వేశారు. సాయంత్రానికి ‘తక్కువ’ మీద చెల్లింపు పదికి మూడు నిమిషాలకు పడిపోయింది. నిజాంకం ఏడున్నర చూపించింది. శౌరయ్య ఉండిపోయాడు. ఊరు ఈలలు వేసింది.

ఆటలో మాత్రం పద్నాలుగు పరుగులు వచ్చాయి. నాలుగో ఇన్నింగ్స్‌కే శౌరయ్య భుజం పట్టుకుని కూలబడ్డాడు.

మర్నాడు క్యాంటీన్లో అందరూ చన్నీళ్ళు పోసుకుని తడి జుట్టుతో గజగజ వణుకుతూ టీ తాగుతున్నారు. ఒక్కరూ సణగడం లేదు. వకుళ వెళ్ళి పందేల జాబితా తెరిచింది. నూటికి తొంభై మంది ‘తక్కువ’కే కాశారు. ఓడిపోతామని తెలిసే కాశారు. చాటింపు విన్నాక ఊరు తను నమ్మినదాని మీద కాయలేదు, కోరుకున్నదాని మీద కాసింది.

ఆ మధ్యాహ్నమే శౌరయ్య చేతికి కట్టుతో వచ్చాడు. విషయం ఆయనకూ తెలిసిపోయింది.

“నువ్వెటు కాశావమ్మా?”

వకుళ అబద్ధం ఆడలేకపోయింది. “తక్కువకే బాబాయ్. ఇరవై నిమిషాలూ.”

“నీ సొంత లెక్క ఎంతొచ్చింది?”

“పదకొండు.”

శౌరయ్య పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. “ఆట మానేస్తే నన్నెవరు పలకరిస్తారా అని ఇన్నాళ్ళూ భుజాన్ని చంపుకున్నా. ఇంక దిగిపోతాలే.”

“తప్పు నా యంత్రానిది బాబాయ్. శాల లాభం తీసేసినట్టే అభిమానం లెక్క కూడా తీసేయాలి. వారంలో దిద్దేస్తాను.”

శౌరయ్య గుమ్మం దగ్గర ఆగాడు.

“దిద్దకమ్మా. రేపట్నుంచి సుహాసిని బంతేస్తది. ఆ పిల్లక్కూడా ఒకనాటికి నలభై మూడొస్తయ్యి.”