కంటకి దోచిన గొంతులు

సముద్రపు ఒడ్డున మణిరేవు అనే రాజ్యం ఉండేది. ఓడలెక్కి వచ్చి స్థిరపడిన దీవివాళ్ళ పిల్లలూ, ఊళ్ళోని తెలుగు పిల్లలూ కలిసి చదువుకోవాలని రాజు సుధాముడు అక్కడ పెద్ద బడి కట్టించాడు. పొద్దున తెలుగులో పాఠాలు, మధ్యాహ్నం దీవిభాషలో పాఠాలు. పిల్లలు హాయిగానే ఉన్నారు. వచ్చిన చిక్కల్లా తల్లిదండ్రులతోనే! సాయంత్రం బడి వాకిట్లో చేరి, "మీవాడికి ఇంకా పద్యం రాలేదా? అయ్యో పాపం!" అని పైకి నవ్వేవారు, లోలోపల కుళ్ళిపోయేవారు.

తెరచాపలు కుట్టే కనకాంబ కూతురు వకుళకు ఆ జబ్బు తల్లి నుంచే అంటింది. దీవి వర్తకుడి కూతురు నీరిసా తెలుగు పద్యాలు గడగడా అప్పజెబుతుంటే వకుళకు ఒళ్ళు మండిపోయేది. పైగా కనకాంబ, "ఆ పిల్లను చూసి నేర్చుకోవే!" అని రోజూ దెప్పేది. ఇంకేముంది, ఒకనాడు వకుళ నీరిసా జడ పట్టుకు లాగింది, నీరిసా వకుళ చెయ్యి కొరికింది. గురువుగారు ఇద్దరినీ నీళ్ళు తెమ్మని ఏటికి తరిమారు.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి బడిలో చప్పుడు లేదు. పిల్లలంతా నోళ్ళు తెరుస్తున్నారు, మాట మాత్రం పెగలడం లేదు. వకుళ చెల్లెలు కలువ వట్టి వాగుడుకాయ. అది కూడా అక్క పరికిణీ పట్టుకుని మూగగా ఏడుస్తుంటే వకుళ నీళ్ళబిందె వదిలేసి దాన్ని దగ్గరకు లాక్కుంది.

"ఇది కంటకి అనే రక్కసి పని," అన్నారు గురువుగారు. "మన వాకిట్లో పెద్దల అసూయ తిని బలిసింది. పిల్లల గొంతులన్నీ శంఖంలో పోసుకుని కాటుకకొండకు పోయింది. రెండు భాషలూ వచ్చిన పిల్లలకు తప్ప ఆ దారి దొరకదు. వాళ్ళలో గొంతు మిగిలింది మీ ఇద్దరికే, మీరే వెళ్ళాలి."

"దీనితోనా?" అన్నారిద్దరూ ఒక్కసారే.

అడవిలో ఒక ముసలి మొసలి ఏటికి అడ్డంగా పడుకుని, "తెలుగు పద్యం వినిపిస్తేనే దాటిస్తా," అంది. వకుళ రెండో పాదంలోనే తడబడింది. నీరిసా గుక్కతిప్పుకోకుండా చదివేసింది. "నా భాషలో నన్నే మించిపోవాలా!" అని వకుళ పళ్ళు కొరికింది.

ఆపైన లోయ దగ్గర గండభేరుండం దీవిభాషలో జోలపాట అడిగింది. నీరిసా మొహం తిప్పుకుంది. పసితనంలోనే తల్లి పోయింది, ఇంట్లో జోల పాడినవాళ్ళే లేరు, బడిలో జోల నేర్పినా చెవులు మూసుకునేది. బడిలో నేర్చుకున్న పాట వకుళే పాడింది. పక్షి మురిసిపోయి ఇద్దరినీ వీపున ఎక్కించుకుంది. నీరిసా మాత్రం కొండ చేరేదాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

కొండ మీద కంటకి శంఖాన్ని ఒళ్ళో పెట్టుకుని ఉంది. "రావే వకుళా! నీ కడుపుమంట నాకు తెలుసు. నీరిసా గొంతు నన్ను తీసుకోమను, చాలు. కలువ గొంతూ, మిగతా అందరివీ ఇచ్చేస్తాను. ఇక బడిలో నీదే పైచేయి."

నిజం చెప్పాలంటే పిల్లలూ, వకుళకు ఆశ పుట్టింది. ఊఁ అంటే చెల్లెలు మాట్లాడుతుంది. ఆమె నీరిసా వంక చూసింది. నీరిసా రెండు చేతులతో తన గొంతు పట్టుకుని ఉంది.

"అవును, దీన్ని చూస్తే నాకు కుళ్ళే!" అని వకుళ గట్టిగా అరిచింది. "పద్యం దానికొస్తుంది, నాకు రాదు. మా అమ్మ కూడా దాన్నే మెచ్చుకుంటుంది. నాకు ఏడుపొస్తుంది! అయినా దాని గొంతు నీకివ్వను, పో!"

"నాకూ నువ్వంటే కుళ్ళే!" అంది నీరిసా ఏడుస్తూ. "తిట్టడానికైనా వాకిట్లో నీకు మీ అమ్మ ఉంటుంది. నాకోసం బండివాడొస్తాడు."

"ఛీ ఛీ, పైకి అనేస్తారేమిటర్రా! కడుపులో దాచుకుంటేనే కదా నాకు తిండి!" అని కంటకి గోల పెట్టింది. చూస్తుండగానే చిక్కి, పిల్లి అంతయింది. శంఖం వదిలేసి పొదల్లోకి పరుగో పరుగు. నీరిసా శంఖాన్ని అందుకుంది. పక్షి వాళ్ళను మళ్ళీ బడి వాకిట్లో దించింది.

శంఖం ఊదగానే గొంతులన్నీ బయటికొచ్చాయి. "అక్కా, ఆకలే!" అంది కలువ. వకుళ దాన్ని వాటేసుకుంది. అంతలో వెనకనుంచి, "ముందు మాట్లాడింది మావాడే!" "కాదు, మా అమ్మాయే!" అని పెద్దలు మొదలుపెట్టారు.

పిల్లల సంగతి విని బడికి వచ్చిన రాజు సుధాముడు తల పట్టుకున్నాడు. "అమ్మాయిలూ, నేటి నుంచి ఈ వాకిలి మీ ఏలుబడిలో ఉంటుంది. వీళ్ళనేం చేద్దాం?"

"పిల్లల్ని పోల్చినవాళ్ళు మర్నాడు మాతోపాటు బడిలో కూర్చోవాలి," అన్నారిద్దరూ.

మర్నాడు ముందు వరసలో కూర్చున్నది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ కనకాంబే! ఆమె దీవిభాషలో తప్పులు పలుకుతుంటే నీరిసా ఓపిగ్గా దిద్దింది. కనకాంబ ముచ్చటపడి ఆ పిల్ల తల నిమిరింది.

వకుళకు మళ్ళీ చుర్రుమంది. గబగబా వెళ్ళి నీరిసా చెవిలో, "ఇదిగో, నాకు కుళ్ళొస్తోంది," అని చెప్పేసింది.

నీరిసా కిసుక్కున నవ్వి, కనకాంబ పక్కన వకుళకు కూడా చోటిస్తూ జరిగింది.