ధారపోసిన నడక

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున సుబ్బరత్నం కృష్ణలో మునిగి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి, ఆవిడ మొగుడు వెంకటసుబ్బారావు దుప్పటి ముసుగులోంచి ఒక్క కన్ను బయటపెట్టి చూశాడు.

"వచ్చావా? ఇవాళ నా వాటా వచ్చిందా?"

"ఎందుకు రాదూ. పున్నమి ఘాట్‌లో పళ్ళు టకటకలాడించుకుంటూ మునిగేది నేను. దోసిట్లో నీళ్ళు వదిలి సగం పుణ్యం మీ పేరున ధారపోసేదీ నేనే. మీకేం, పడుకున్నచోటికే వచ్చి పడుతోంది."

"అందుకేనే నేను కదలంది. కదిలితే పుణ్యానికి అడ్రసు దొరకదు."

ఆ ఇంట్లో ఆయన మాటకు నవ్వనివాళ్ళు లేరు. నమ్మేవాళ్ళూ లేరు. మోకాళ్ళు మొరాయించాక పామర్రు పక్కన ఉన్న పొలం కౌలుకిచ్చి, భవానీపురంలో కొడుకు దుర్గాప్రసాద్ అపార్టుమెంటుకు మకాం మార్చాడు గానీ, అబద్ధాలు మాత్రం కౌలుకివ్వలేదు, వెంట తెచ్చుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన పామర్రు సంత నుంచి ఎంత జోరుగా నడిచొచ్చేవాడంటే, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాక గానీ ఆయన నీడ వాకిట్లోకి వచ్చేది కాదట. అలిసిపోయి వచ్చిన ఆ నీడకు సుబ్బరత్నం మజ్జిగ కూడా ఇచ్చిందట.

"ఇచ్చాను. ఈయన కంటే అదే మర్యాదగా తాగింది," అని సుబ్బరత్నం సాక్ష్యం చెప్పేది.

చిన్నప్పటి నుంచీ ఆ కథ వింటే మనవరాలు చిన్ని పొట్ట పట్టుకుని నవ్వేది. ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న ఆ పిల్ల ఈమధ్య నవ్వడం మానేసింది. వేసవిలో మంగళగిరిలో చుట్టాల పెళ్ళికి వెళితే, ఫోటోలు తీసేవాడు "ఆ లావుపాప కొంచెం వెనక్కి జరగాలండీ" అన్నాడు. పిల్ల జరిగింది. అప్పటి నుంచి ఇంట్లో అన్నం గిన్నె దగ్గర కూడా వెనక్కి జరుగుతూనే ఉంది.

ముంజేతికి ఒక నల్లటి బ్యాండు వచ్చింది. ఫోన్లో ఒక తిండి డైరీ వచ్చింది. తిన్నదల్లా దాంట్లో ఎక్కించాలి. ముందురోజు నుంచీ నడిచినదల్లా బ్యాండు చూసుకుంటుంది. రెండూ మాట్లాడుకుని, ఇంకా తినొచ్చంటే పచ్చగీత, చాలంటే ఎర్రగీత చూపిస్తాయి. ఇంకెవరైనా వాడుకుంటే అదొక పనిముట్టు. చిన్నికి మాత్రం అది దేవుడి ఆజ్ఞ అయిపోయింది. పచ్చగీత ఉన్నా తినడానికి వంద ఆలోచనలు. ఎర్రగీత వచ్చిందంటే నోట్లోకి వెళ్ళబోయే ముద్ద కూడా కంచంలోకి దిగిపోయేది.

ఆ ఉదయం కోడలు కనకలక్ష్మి కంచంలో రెండు ఇడ్లీలు పెట్టి, మూడోది చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఆగమ్మా, ఇంకా సింక్ అవలేదు," అంది చిన్ని ఫోన్లోకి చూస్తూ.

"వంటింట్లో సింకుకీ నీ ఇడ్లీకీ సంబంధమేంటే?" అన్నాడు వెంకటసుబ్బారావు.

"ఆ సింకు కాదు తాతయ్యా. బ్యాండుకి తెలిసింది తిండి డైరీకి కూడా తెలియాలి. అదీ సింక్ అంటే."

"ఓహో. ఇక్కడి మాట అక్కడా, అక్కడి మాట ఇక్కడా చేరేయడం. మన ఊళ్ళో ఆ పని పెళ్ళిళ్ళ పేరయ్య చేసేవాడులే. వాడు చేరేసిన మాటల్లో సగం అబద్ధాలు."

"ఇది అబద్ధం చెప్పదు." చిన్ని ఒక ఇడ్లీ తీసి గిన్నెలో వేసేసింది. "ఒకటి చాలంది."

కనకలక్ష్మి మూడో ఇడ్లీ వైపు, కూతురి చెంపల్లో పడ్డ గుంటల వైపు చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. దసరా వెళ్ళిన వారంలో పిల్ల కాలేజీ బస్సు దిగుతూ కళ్ళు తిరిగి రోడ్డు మీద కూలబడింది. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. రెండుసార్లు డాక్టరమ్మ దగ్గర టోకెన్ తీసుకుంటే రెండుసార్లూ "నాకేం రోగం లేదు" అని తలుపేసుకుంది. దుర్గాప్రసాద్ కేకలేసి చూశాడు, బతిమాలి చూశాడు, చివరికి ఆటోనగర్‌లో తన షాపుకు తొందరగా వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. కూతురి ఖాళీ కంచం ఆయన చూడలేడు.

అందరూ వెళ్ళిపోయాక వెంకటసుబ్బారావు కుర్చీలో ఒక్కడే కూర్చున్నాడు. "ఇది అబద్ధం చెప్పదు" అన్న మాట ఆయన చెవిలో జోరీగలా తిరిగింది. చెప్పకపోవచ్చు. నమ్ముతుంది మాత్రం. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. బ్యాండు కొన్న కొత్తలో చిన్ని సరదాకి దాన్ని ఆయన చేతికి కట్టింది. ఆయన అలవాటు ప్రకారం కుర్చీలోనే కూర్చుని, చేతులు బార్లా చాపి, ఊపి, తిప్పి సంతకథ చెప్పాడు. కథ అయ్యేసరికి ఆయన మైలు దూరం నడిచినట్టు బ్యాండు చూపించింది. "నా కథ నమ్మిన మొట్టమొదటి ప్రాణి ఇదేనే" అని ఆయన దానికి దండం పెడితే అప్పట్లో చిన్ని నవ్వింది.

అప్పుడు బుర్రలో రెండు మాటలు ఒకదానికొకటి తగులుకున్నాయి. ఒకటి మనవరాలి సింకు. రెండోది పెళ్ళాం ధారపోత. సుబ్బరత్నం మునిగిన మునక వెంకటసుబ్బారావుకు చేరుతున్నప్పుడు, వెంకటసుబ్బారావు నడిచిన నడక చిన్నికి ఎందుకు చేరదు?

మర్నాడు సుబ్బరత్నం పక్కింటివాళ్ళతో ఆటో ఎక్కి ఘాట్‌కు వెళ్ళగానే ఆయన లేచాడు. రాత్రిపూట ఫోన్లు హాల్లోనే ఉండాలని కనకలక్ష్మి కట్టడి. చిన్ని బ్యాండు కూడా ఫోను పక్కనే చార్జింగులో ఉండేది. ఆయన దాన్ని తీసి చేతికి కట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా తెరిచి, మెట్ల దగ్గర నిలబడి మనసులో అనుకున్నాడు, "ఈ నడక చిన్ని పేరున." దోసిట్లో నీళ్ళు లేవు గనక చెంబు తిరగేసినట్టు చెయ్యి వంచాడు.

మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పిన మనిషి. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టుకుంటూ మేడ మీదకు చేరాడు. పైన కొండ మీద అమ్మవారి గుడి దీపాలు, కింద నల్లగా కృష్ణ. ఆ చీకట్లో ఎక్కడో తన వాటా పుణ్యం మునకలేస్తోంది. డాబా మీద అటూ ఇటూ నడిచి, మళ్ళీ దిగి, బ్యాండును యథాస్థానంలో పెట్టి, దుప్పట్లో దూరాడు.

ఆ పూట చిన్ని ఫోను చూసి కొంచెం ఆశ్చర్యపడింది. "నిన్న ల్యాబు మెట్లు ఎక్కువెక్కానేమో. పచ్చగా ఉంది," అని రెండో ఇడ్లీ కూడా తినేసింది.

దుప్పటి ముసుగులో వెంకటసుబ్బారావు మోకాలికి నూనె రాసుకుంటూ, ఒక ఇడ్లీకి ఎన్ని మెట్లో లెక్కవేయబోయి, ఛీ అనుకుని మానేశాడు.

ఇలా రోజులు గడిచాయి. ఒకనాడు పప్పన్నంలో నెయ్యి పడింది. ఒకనాడు పెరుగన్నంలో ఆవకాయ ముక్క కనిపించింది. కనకలక్ష్మి ఇది తన మొక్కు మహిమే అనుకుని దుర్గమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఆయన ఆ ప్రసాదం కళ్ళకద్దుకుని తిన్నాడు. దేవతలకు మంచిపేరు రావడంలో ఆయనకు అభ్యంతరం లేదు.

"పగలంతా ఆ మూలుగుడేంటండీ?" అంది సుబ్బరత్నం.

"నువ్వు పంపే పుణ్యం బరువెక్కువగా ఉంటోందే. మొయ్యలేకపోతున్నా."

కార్తీక సోమవారం వచ్చింది. దుర్గాప్రసాద్ షాపు సరుకు కోసం ముందురోజే ఊరెళ్ళాడు. ఆ రోజు చిన్నికి పరీక్ష. చదువుకుందామని చీకటితోనే లేచిన పిల్లకు హాల్లో ఫోను కనిపించింది, బ్యాండు కనిపించలేదు. వీధి తలుపు గడియ తీసి ఉంది. బయటికొచ్చి పైకి చూస్తే, మేడ తలుపుకు నాలుగు మెట్ల కింద తాతయ్య కూలబడి ఉన్నాడు. ఒక చెయ్యి రెయిలింగు మీద. రెండో చేతికి తన బ్యాండు.

చిన్ని ఆయన్ని కిందికి దించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. బ్యాండు వైపు వేలు చూపించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇవాళే. చల్లగాలికని..."

"తాతయ్యా."

"కొన్నాళ్ళయిందిలే."

"అంటే అది నా నడక కాదు. నేను తిన్న ఇడ్లీలు, నెయ్యి, అదంతా..." చిన్ని రెండు చేతులతో తల పట్టుకుంది. "పచ్చగా ఉందని నమ్మి తిన్నాను. నన్ను మోసం చేశారు. ఇంటిల్లిపాదీ కలిసి మోసం చేశారు."

ఆ గొడవకు కనకలక్ష్మి చేతికి పెసరపిండితోనే వంటింట్లోంచి వచ్చింది. సంగతి అర్థమయ్యేసరికి ఆవిడ మామగారి కాళ్ళ వైపు ఒకసారి చూసి, కూతురి వైపు తిరిగింది.

"మోసమా? నువ్వు రోడ్డు మీద పడిపోయావని ఎవరో ఫోన్ చేస్తే, చెప్పుల్లేకుండా పరిగెత్తాను. అప్పుడు ఏ గీత చూసుకోను నేను?"

"నాకేం కాలేదన్నానా? నాయనమ్మ సోమవారాలు పస్తుంటే భక్తి. నేను తగ్గించుకుంటే రోగమా?"

తెరిచిన తలుపులోంచి సుబ్బరత్నం అప్పుడే లోపలికి అడుగుపెట్టింది. తడిచీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ కోప్పడలేదు.

"నేను సాయంత్రం చుక్క చూసి తింటానే తల్లీ. నా ఉపవాసానికి ఒక చుక్క ఉంది. నీ ఉపవాసానికి చుక్క ఎప్పుడు పొడుస్తుందో చెప్పు, అందాకా కూర్చుంటాను."

చిన్ని ఉక్రోషంతో తాతయ్య చెయ్యి లాగి బ్యాండు విప్పబోయింది. విప్పబోతూ ఆగిపోయింది. దాని మీద గుండె బొమ్మ పక్కన అంకె ఎర్రగా వెలుగుతోంది. కుర్చీలో కూర్చుని ఇంతసేపైనా ఆయన గుండె ఇంకా మెట్లెక్కుతూనే ఉంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. మోకాళ్ళు రెండూ వాచి, పంచె కింద గుమ్మడికాయల్లా ఉన్నాయి.

"సింక్ అవుతోందేమోలే," అన్నాడాయన రొప్పుతూ.

చిన్ని ఆ చెయ్యి వదల్లేదు. నేల మీద కూర్చుండిపోయింది.

"చేతులూపితే సరిపోయేదిగా తాతయ్యా." పంచె మీంచి మోకాలు తడిమింది. "కుర్చీలో కూర్చుని కథ చెప్పినా ఇది నమ్మేస్తుందని నీకు తెలుసుగా. ఈ కాళ్ళతో మెట్లెందుకెక్కావు?"

వెంకటసుబ్బారావుకు జవాబు వెతుక్కోవాల్సి రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"మొదటిరోజు అలాగే చేద్దామనుకున్నానే. చెయ్యి ఎత్తాను కూడా. మనసొప్పలేదు. జన్మంతా అబద్ధాలు చెప్పాను, నవ్వుకోడానికి పనికొస్తాయని. కానీ నీ నోట్లోకి వెళ్ళే ముద్ద అబద్ధం మీద నిలబడకూడదనిపించింది. ధారపోయాలంటే ముందు మన దగ్గర ఉండాలి కదమ్మా. మీ నాయనమ్మ మునక్కుండా నాకు పుణ్యం పంపిందా ఎప్పుడైనా?"

సుబ్బరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పంపలేదు," అంది.

"మరి అది నీ నడక కాదన్నావు. ముమ్మాటికీ నీదే. నీ పేరు చెప్పి ఎక్కిన మెట్లు అవి. ఇచ్చింది వెనక్కి తీసుకునే అలవాటు మన ఇంట్లో లేదు."

చిన్ని ఆయన వాచిన మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా మొదలై, చిన్నప్పటి ఏడుపులా పెద్దదైంది. "ఆకలేస్తుంది తాతయ్యా," అంది మధ్యలో. "రోజూ ఆకలేస్తుంది. తినాలంటే భయమేస్తుంది. దాన్ని చూడకుండా తినడం మర్చిపోయాను."

ఆ మాట వినడానికి కనకలక్ష్మి ఎన్ని నెలలుగా ఎదురుచూస్తోందో ఆవిడకే తెలుసు. దగ్గరకొచ్చి కూతురి వీపు మీద చెయ్యి వేసింది, పిండి చెయ్యని కూడా చూసుకోకుండా.

"భయమేస్తే నాతో చెప్పు. నేను పక్కన కూర్చుంటాను. డాక్టరమ్మ దగ్గర కూడా పక్కనే కూర్చుంటాను."

చిన్ని తల ఊపింది. "తాతయ్య మోకాళ్ళు కూడా చూపించాలి. ఆయన వస్తేనే నేనొస్తా."

"నా మోకాళ్ళకేమే, నిక్షేపంలా ఉన్నాయి," అని లేవబోయి "అమ్మా" అని మళ్ళీ కూర్చున్నాడు వెంకటసుబ్బారావు.

కనకలక్ష్మి పెనం మీద పెసరట్టు వేసింది. అల్లప్పచ్చడితో కంచం తెచ్చి కూతురి ముందు పెట్టింది. అలవాటుగా చిన్ని చెయ్యి ఫోను వైపు వెళ్ళింది. ఆ చెయ్యి ఫోను మీద కాసేపు ఆగి, దాన్ని బోర్లా తిప్పి పెట్టింది. తర్వాత తాతయ్య ముంజేతి నుంచి బ్యాండు విప్పి దాని పక్కన పడేసింది. అట్టులోంచి ఒక ముక్క తుంచింది. పెళ్ళికూతురు మొదటి ముద్ద తిన్నట్టు, అందరూ చూస్తుండగా, సిగ్గుపడుతూ నోట్లో పెట్టుకుంది.

వంటింట్లో పొయ్యి వైపు తిరిగి నిలబడ్డ కనకలక్ష్మి భుజాలు కదులుతున్నాయి. పొగకేమో అనుకోవడానికి అది గ్యాసు పొయ్యి.

సగం అట్టు అయ్యాక చిన్ని మేడమెట్ల వైపు తలుపులోంచి చూసి, తాతయ్య కేసి తిరిగింది.

"నీ నీడ వచ్చిందా తాతయ్యా?"

"ఏదీ, ఇంకా నాలుగు మెట్ల పైనే ఉంది. పాపం దానికీ మోకాళ్ళ నొప్పి."

నోటినిండా పెసరట్టుతో పిల్ల ఫక్కున నవ్వింది. పొలమారింది. నాయనమ్మ నెత్తి మీద తట్టి మంచినీళ్ళిచ్చింది.

"మజ్జిగ సిద్ధం చెయ్యవే," అన్నాడు వెంకటసుబ్బారావు పెళ్ళాంతో. "అది దిగొచ్చేసరికి అలిసిపోయి ఉంటుంది."