పోతమ్మ ఇంజెక్షన్

ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ లేదు.

ఉదయం తొమ్మిదింటికి జాలరిపేట చేయూత సంఘం గదిలో ఆ సంగతి బయటపడింది. పేటంతా చందాలేసుకుని చెన్నై నుంచి తెప్పించిన ఒకే ఒక్క ఇంజెక్షన్. విశాఖలో ఎక్కడా స్టాక్ లేదు. క్యాన్సర్ వార్డులో ఉన్న పోతమ్మకు సాయంత్రం ఆరులోపు అది ఎక్కాలి. ఎక్కకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టర్.

ఎస్సై సూర్యకళ జీపు దిగింది.

గుమ్మంలో పోతమ్మ మొగుడు వరహాలు. థర్మాకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల సంఘం సెక్రటరీ నాగబాబు ఒకడి కాలర్ పట్టుకుని ఊపేస్తున్నాడు.

"నువ్వే తీసేవు. మీ అమ్మకీ అదే జబ్బు కదేటి?"

ఆ కాలర్ ఉమామహేష్‌ది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి. కాకినాడ వైపు కుటుంబం. ఈ వారం ఫ్రిజ్ డ్యూటీ అతనిది.

"మా అమ్మకి ఇదే ఇంజెక్షన్ గోపాలపట్నంలో మా ఇంట్లో వేరే ఉందండి. ఎల్లుండి వేయించాలండి. ఇది నాకెందుకండీ?"

"రెండుంటే సేదా నీకు?"

"వదులు నాగబాబూ" అంది సూర్యకళ. "తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"తలుపు పక్కన మేకుకి ఏలాడతాది మేడమ్. రోగి తాలూకా మనిషి ఏ ఏళప్పుడు వచ్చినా మందు అందాల కదా. మా పేటలో దొంగలుండరు మేడమ్."

"తెలుస్తోంది."

ఫ్రిజ్ ముందు నీళ్ల మడుగు.

"పొద్దున్న కరెంటు పోనాది. ఫ్రిజ్ కరిగుంటాది" అన్నాడు నాగబాబు.

సూర్యకళ వంగింది. వేలు ముంచింది. నాలుకకు రాసుకుంది.

"సీ, అదేటి మేడమ్?"

"ఉప్పు."

"ఫ్రిజ్ కరిగితే నీళ్లు చప్పగా ఉంటాయి. ఇవి ఉప్పగా ఉన్నాయి. చేపల ఐసులో కల్లుప్పు చల్లేది ఎవరు?"

"మేవే. సేప గట్టిగా ఉంటాదని."

సూర్యకళ గుమ్మంలోకి నడిచింది. వరహాలు పెట్టె మూల నుంచి చుక్కలు పడుతున్నాయి.

"వరహాలూ, వేట నిషేధం కదా. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. పెట్టెలో ఏ చేపలు?"

వరహాలు తలెత్తలేదు.

"ఉమా బాబు వోళ్లమ్మకి ముందెక్కిస్తారని పేటలో అనుకున్నారమ్మా. భయమేసింది. ఆరింటిదాకా నా దగ్గరే దాసి నానే తీసుకెల్దామని..."

"బావా, నువ్వా?" నాగబాబు గుమ్మంలోకి వచ్చాడు. "అది నీ పెల్లాం పేరు మీద తెచ్చిందే కదరా."

"నువ్వు దొంగా దొంగా అని కేకలేత్తంటే నాకు నోరు పెగల్లేదు."

సూర్యకళ మూత తీసింది. ఐసు తవ్వింది. సీసా బయటికి తీసి ఎండకు పట్టింది.

మందు రాయిలా గడ్డకట్టి ఉంది.

వార్డు సిస్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. వెంటనే జవాబొచ్చింది. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఉప్పు కలిపిన ఐసు ఫ్రిజ్ కంటే చాలా చల్లగా ఉంటుంది.

"సేపకి మంచిదే కదమ్మా" అన్నాడు వరహాలు. "ఉప్పు ఎక్కువే ఏసేను. పోతమ్మ కోసరమని ఎక్కువేసేను."

నాగబాబు గోడ వైపు తిరిగిపోయాడు.

ఉమామహేష్ చొక్కా సర్దుకున్నాడు. జేబులోంచి బైక్ తాళం తీశాడు.

"గోపాలపట్నం వెళ్లొస్తానండి."

సూర్యకళకు అర్థమైంది. "మరి ఎల్లుండి మీ అమ్మగారికి?"

"చెన్నైకి ఫోన్ చేస్తానండి. దొరకొచ్చండి."

"దొరక్కపోతే?"

అతను బయటికి నడిచాడు. బండి స్టార్ట్ చేశాడు.

వరహాలు లేచాడు. పెట్టెలో ఐసంతా రోడ్డు మీద గుమ్మరించాడు. కుళాయి కింద కడిగాడు. మూలమూలలా మళ్లీ కడిగాడు. తడి తువ్వాలుతో తుడిచి, ఖాళీ పెట్టె రెండు చేతులతో పట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు. ఇవ్వడానికి ధైర్యం చాలడం లేదు.

ఉమామహేష్ వెనక సీటు చూపించాడు.

"ఎక్కండి బాబాయ్. నేను బండి నడపాలండి. మందు మీరే పట్టుకోవాలి."